కీచకవధ నుండి డిటెక్టివు నవల దాకా

భోజనమునకు పిలిచినను లేవక, దీపము ఆర్పుమన్నను ఆర్పక, చేతనున్న పుస్తకము ముగించిన పిదప గాని నిద్రపోని మనిషి ప్రతి ఇంటను ఒకరుందురు. ఆ చేతనున్నది పాఠ్యపుస్తకము కాదనియు, పురాణము కాదనియు ఇంటివారందరికిని తెలియును. అది ఒక హత్యతోనో, ఒక అదృశ్యముతోనో, అర్ధరాత్రి తలుపు తట్టిన చప్పుడుతోనో ప్రారంభమైన నవల. దానిని చదువువారిని పెద్దలు మందలింతురు. విమర్శకులు దాని పేరెత్తుటకే ఇష్టపడరు. అయినను అది నూరేండ్లకు పైబడి తెలుగువారి ఇండ్లలో దిండ్ల క్రింద, బియ్యపు డబ్బాల వెనుక, పాఠ్యపుస్తకముల నడుమ దాగి జీవించుచునే ఉన్నది. ఇంతటి నిరాదరణలో ఇంతటి ఆదరము ఎట్లు సాధ్యమైనది? ఈ వేగము, ఈ భయము, ఈ ఉత్కంఠ మనిషికి ఏల కావలసివచ్చినవి?

ఈ ప్రశ్నకు సమాధానమును నెల్లూరు సీమలోని పడమటి తాలూకాలలో వెదుకుదమని మాకు తోచినది. 2008వ సంవత్సరమున ఈ జిల్లాకు పొట్టి శ్రీరాములుగారి పేరు పెట్టినారు. జిల్లాకు తూర్పున సముద్రము, పెన్న కాలువలు, వరిమళ్లు. పడమట వెలికొండల నీడన ఆత్మకూరు, ఉదయగిరి. అది మెట్ట ప్రాంతము. అచ్చట జొన్న, సజ్జ, కంది, వేరుశనగ వాన దయమీదనే పండవలెను. నెల్లూరు సీమకు పెద్ద వానలు ఆశ్వయుజ కార్తీకములలో, ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. ఆత్మకూరునకు చేరువనే పెన్నపై నిర్మించిన సోమశిల జలాశయమున సుమారు 78 శతకోటి ఘనపుటడుగుల నీరు నిలువ చేయవచ్చును. కాని ఆ నీరు పల్లమునకు పారునంత సులభముగా మెట్ట నెక్కదు. కావున ఈ సీమవాసికి పుట్టుకతో వచ్చిన విద్య ఒకటి కలదు, అది ఎదురుచూచుట. అదను తప్పునా, తప్పదా? మబ్బు నిలుచునా, పోవునా? ఈ ప్రశ్నలు నవలలోనివి కావు; కాని నవలలోని ప్రశ్నలకు ఇవి అక్కచెల్లెండ్రు.

వాన రాని యేట తెలుగు పల్లెలలో విరాటపర్వము చదివించుట పూర్వాచారము. రామమందిరమున దీపము వెలిగించి, చదువను అర్థము చెప్పను వచ్చిన పెద్దను పిలిపించి, ఊరంతయు కూర్చుండి విందురు. మహాభారతమున పదునెనిమిది పర్వములుండగా వానకు విరాటపర్వమే ఏల? తిక్కన సోమయాజి పదునైదు పర్వముల రచనను ఆ పర్వముతోనే ఏల ఆరంభించెను? రెండవ ప్రశ్న పండితులది. ఆరణ్యపర్వ శేషము మిగిలియుండెననియు, దానిని ముట్టక ఆయన ముందునకు సాగెననియు వారు చెప్పుదురు. మొదటి ప్రశ్న మాత్రము మనవంటివారు ఊహింపదగినదే.

తిక్కన పదమూడవ శతాబ్దివాడు. నెల్లూరు నేలిన మనుమసిద్ధి కొలువున మంత్రి. విరాటపర్వ కథను ఒకమారు ఈనాటి నవలా పాఠకుని కంటితో చూతము. ఆరుగురు మనుష్యులు పేరు మార్చుకొని, వేషము మార్చుకొని ఒక పరాయి ఊరు చేరినారు. ఒక యేడు ఎవ్వరి కంటను పడకుండ గడపవలెను. ఆ యేటిలోపల ఎవడైన గుర్తించెనా, మరల పండ్రెండేండ్ల అడవి. ఆయుధములు ఊరిబయట జమ్మిచెట్టుపై శవమువలె కట్టబడియున్నవి. ధర్మరాజు కంకుభట్టై రాజుతో పాచికలాడుచున్నాడు. భీముడు వలలుడై వంటయింట గరిటె పట్టినాడు. అర్జునుడు బృహన్నలయై నాట్యము నేర్పుచున్నాడు. ద్రౌపది సైరంధ్రియై రాణికి తల దువ్వుచున్నది. అప్పుడు రాణి తమ్ముని కన్ను ఆమెపై పడినది. ఆమె మానము కాపాడవలెనన్న భీముడు బలము చూపవలెను. బలము చూపినచో గుట్టు బయటపడును. ఊరకున్నచో మానము పోవును. ఇట్టి చిక్కును మించిన చిక్కును ఈనాటి రచయితలలో ఎందరు కల్పింపగలిగిరి?

నర్తనశాలలో చీకటిరాత్రి కీచకుడు హతుడగును. మరునాటినుండి కథ వేగమందుకొనును. దుర్యోధనుని వేగులవారు దేశములు గాలించి వట్టిచేతులతో తిరిగివచ్చి, పాండవుల జాడ లేదనియు, మత్స్యదేశమున కీచకుడు మాత్రము రాత్రివేళ గంధర్వులచేత చచ్చెననియు చెప్పుదురు. తెలుగునాట చెప్పుకొను కథలో దుర్యోధనుడిచ్చట నిజమైన అపరాధ పరిశోధకుడగును. కీచకుని చేతులతో చంపగల బలశాలులు లోకమున ఎందరు? వారిలో ఒక్కొక్కరిని తీసివేయగా మిగిలినది ఎవడు? భీముడు. భీముడున్నచోట తక్కినవారుండవలెను. ఇక భీష్ముడు చెప్పిన గుర్తు మరియొకటి. ధర్మరాజున్న దేశమున వానలు సకాలమున కురియును, పైరులు పండును, పాడి సమృద్ధిగా ఉండును; అట్టి దేశమును వెదకుడని ఆయన సలహా. దాగిన మనిషిని పట్టియిచ్చు ఆనవాలు ఇచ్చట కాలిగుర్తు కాదు, నెత్తురు మరక కాదు; వాన! మెట్టసీమ రైతు ఈ పర్వమునే ఏల చదివించుకొనునో ఈ మాటతో కొంత తెలియుచున్నదని మాకు తోచును. ధర్మరాజును తన ఊరికి పిలిచి, అజ్ఞాతముగానైనను ఒక రాత్రి ఉంచుకొనుటయే గదా ఆ పారాయణము!

ఇక్కడ గమనింపవలసిన విషయమొకటి ఉన్నది. రామమందిరమున కూర్చున్న వారిలో కథ తెలియనివాడొక్కడును లేడు. కీచకుడు చచ్చునని పాలుత్రాగు పిల్లవానికిని తెలియును. 1963లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున 'నర్తనశాల' చిత్రము వచ్చినపుడు ఎస్.వి. రంగారావుగారి కీచకుని చూచుటకు పోయినవారికి అతని గతి తెలియకపోలేదు. అయినను ఆ నర్తనశాల తలుపు తీయునపుడు ఊపిరి బిగబట్టని వారు లేరు. కనుక ఉత్కంఠ యనగా ముగింపు తెలియకపోవుట మాత్రమే అనుకొనుట పొరపాటు.

ఈ భేదమును చలనచిత్ర దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో జరిపిన సంభాషణలలో చక్కగా విడదీసినాడు. ఇద్దరు మనుష్యులు బల్ల చుట్టు కూర్చుండి ఏదో మాటలాడుకొనుచున్నారు. బల్లక్రింద బాంబు ఉన్నట్లు ప్రేక్షకునికి తెలియదు. అది హఠాత్తుగా పేలినచో కలుగునది క్షణకాలపు ఆశ్చర్యము. అట్లు గాక, బాంబు ఉన్నదని, అది ఫలానా వేళకు పేలునని ప్రేక్షకునికి ముందే తెలిపి, ఆ మనుష్యులకు మాత్రము తెలియనీయకున్నచో, వారి ఉబుసుపోక మాటలే ప్రాణాంతకములగును. అదియే ఉత్కంఠ. పాఠకునికి తెలిసినది పాత్రకు తెలియదు. చేయి చాచి చెప్పుటకు వీలులేదు. విరాటుడు పాచికతో కంకుభట్టు నొసట కొట్టినపుడు మన కడుపున కలుగు కలవరము ఇదియే. కొట్టబడినవాడెవడో మనకు తెలియును, కొట్టినవానికి తెలియదు.

కథలో గాక చరిత్రలోను ఉదయగిరి ఇట్టి ఎదురుచూపును చూచినది. సుమారు మూడువేల అడుగుల ఎత్తైన కొండ. కొండపై ఎనిమిది, క్రింద ఐదు, వెరసి పదమూడు కోటలు. పదునారవ శతాబ్దారంభమున అది ఓఢ్ర గజపతుల చేతిలో నుండెను. 1513లో కృష్ణదేవరాయలు దానిని ముట్టడించెను. న్యూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు కొన్ని సంవత్సరముల తరువాత వ్రాసిన వృత్తాంతము ప్రకారము, లోపల పదివేల కాల్బలమును, నాలుగువందల గుఱ్ఱములును ఉండెను. ఆకలిచేత తప్ప ఆ కోట లొంగునది కాదు. పైకి పోవు త్రోవ ఒక్కటే. అదియును ఒకరి వెనుక ఒకరు నడువవలసినంత ఇరుకు. రాయలు ఏడాదిన్నర కాలము కూర్చుండి, బండలు పగులగొట్టించి, క్రొత్త త్రోవలు వేయించి, 1514లో కోటను పట్టెను. గజపతి బంధువగు తిరుమల రాహుత్తరాయడు చెరబడెను. అచ్చటి బాలకృష్ణ విగ్రహమును రాయలు విజయనగరమునకు కొనిపోయి ఆలయము కట్టించెను.

చరిత్ర పుస్తకమున ఇది నాలుగు పంక్తులు. లోపలివారికి మాత్రము అది ఏడాదిన్నర రాత్రులు. క్రింద బండ పగులుచున్న చప్పుడు ప్రతి ఉదయము కొంచెము దగ్గరగా వినవచ్చుచుండును. ధాన్యపు కొట్టు ప్రతి దినము కొంచెము వెలితి పడుచుండును. పక్కనున్నవాడు రేపటికి మనవాడుగానే ఉండునా అను సందేహము మొలచును. శత్రువు గోడకు వెలుపల ఉన్నంతవరకు అది యుద్ధకథ. భయము గోడ దాటి మనసులోనికి వచ్చిన క్షణమున అది వేరొక కథ యగును. ఆ రెండవ కథను చెప్పు విద్యనే ఈనాడు మనస్తత్త్వ ప్రధానమైన ఉత్కంఠ నవల అనుచున్నాము.

ఈ నవల పుట్టుక పాశ్చాత్యదేశములలో రెండు పాయలుగా సాగినది. మొదటిపాయ పరిశోధకునిది. 1841లో అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో పారిస్ నగరమున జరిగిన హత్యల కథలో దూపెన్ అను మేధావిని సృజించెను. 1868లో ఇంగ్లండున విల్కీ కాలిన్స్ 'మూన్‌స్టోన్' నవలను వారపత్రికలో వెలయించెను. అందలి వజ్రము 1799లో శ్రీరంగపట్టణపు దోపిడిలో పోయినదని కల్పన. 1887లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను లోకమునకు పరిచయము చేసెను. ఈ పాయలో ప్రశ్న ఒకటే: చేసినది ఎవడు?

రెండవపాయ అపరాధిది. 1866లో రష్యా రచయిత దొస్తొయేవ్‌స్కీ 'నేరము - శిక్ష' వ్రాసినపుడు హంతకుడెవడో పాఠకుని కండ్లయెదుటనే తేలిపోయినది. పేద విద్యార్థి యొకడు వడ్డీవ్యాపారిణిని గొడ్డలితో చంపును. ఆ తరువాత వందల పుటలలో అతనిని పోలీసుల కంటె ముందు అతని మనసే వేటాడును. ప్రశ్న మారినది: ఎవడు అని కాదు, ఎంతకాలము దాచగలడు, దాచుచు ఎట్లు బ్రతుకగలడు అని. 1938లో డాఫ్నె డు మొరియే వ్రాసిన 'రెబెకా'లో ప్రమాదము ఇంటిలోనే, చనిపోయిన సవతి జ్ఞాపకములోనే ఉన్నది. 2012లో గిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్' వెలువడినపుడు భార్యాభర్తల దినచర్యయే రణరంగమైనది. కథ చెప్పువారి మాటనే నమ్మరాని స్థితి వచ్చినది. ఈ పాయకు విరాటపర్వమే దగ్గర చుట్టమని వేరుగా చెప్పనక్కరలేదు.

మన దేశమున ఈ సాహిత్యము మొదట బెంగాలున వ్రేళ్లూనినది. ప్రియనాథ ముఖోపాధ్యాయుడను పోలీసు ఉద్యోగి 1892 నుండి తన అనుభవములను 'దారోగార్ దప్తర్' పేర కథలుగా వెలువరించెను. పాంచకడి దే వంటివారి బెంగాలీ డిటెక్టివు నవలలు తెలుగులోనికి వచ్చి పాఠకులను ఆకర్షించినవి. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలోనే దేవరాజు వేంకటకృష్ణారావుగారి 'వాడే వీడు' వంటి నవలలు తెలుగు పాఠకుని చేతికందినవి. తరువాత కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వేయికి పైగా చిన్న నవలలు వ్రాసి, అక్షరము నేర్చినవాడు చదువరి కాక తప్పని స్థితి కల్పించినారు. ఆయనవి డిటెక్టివు నవలలు కావు. కాని చేతిలో ఇముడు పుస్తకము, చేతనైన వెల, ఒక్క ప్రయాణములో ముగియు కథ అను మార్గము వారు వేసినదే. 1957లో కొమ్మూరి సాంబశివరావుగారి 'ఉరితాడు' వచ్చినది. ఆయన సృష్టించిన డిటెక్టివు యుగంధర్, సహాయకుడు రాజు ఒక తరమునకు బంధువుల వంటివారైనారు. ఆ వెనుక మధుబాబుగారి 'షాడో' వచ్చి దేశవిదేశములు తిరిగినాడు.

మనస్తత్త్వపు పాయ తెలుగు ఇంటింట ప్రవేశించినది యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం'తో అని మా అభిప్రాయము. 1980 ప్రాంతమున ఆంధ్రభూమి వారపత్రికలో అది ధారావాహికగా వచ్చినది. పసిపాప పడక చుట్టు ఒకవైపు వైద్యుడు, మరియొకవైపు మంత్రగాడు. ఏ వైపు నమ్మవలెనో తేల్చుకొనలేని పాఠకుడు. మూఢనమ్మకమును పెంచుచున్నదను విమర్శ ఆ నవలకు తప్పలేదు. ఆ విమర్శను తేలికగా త్రోసివేయరాదు. చేతబడి అనుమానముపై నిజమైన మనుష్యులు దెబ్బలు తిన్న పల్లెలు మన దేశమున ఉన్నవి. అట్టి పల్లెలో ఈ నవల వట్టి వినోదముగా మిగులకపోవచ్చును.

వారపత్రిక ఈ నవలకు ఊపిరి. అధ్యాయము చిన్నది. చేయి తలుపు గొళ్లెముపై పడినంతనే 'సశేషం' అను మాట వచ్చును. ఏడు దినములు ఆ చేయి గొళ్లెముమీదనే యుండును. ఈ మధ్యకాలమున పాఠకుడు రచయితకు జీతములేని సహాయకుడగును. బావికాడ, బస్సులో, బడిలో అతడు తరువాతి భాగమును తానే కల్పించుకొనును. నవల వేగముగా పరుగెత్తుటకు కారణము పంక్తులు పొట్టివగుట మాత్రమే కాదు. ప్రతి అధ్యాయము ఒక ప్రశ్నకు సమాధానమిచ్చి, ఆ సమాధానము నుండియే రెండు ప్రశ్నలు పుట్టించును. పాఠకుడు అప్పు తీర్చుకొనుటకు అప్పు చేయువానివలె ముందునకు సాగును.

మేము ఆత్మకూరున ఉన్నత పాఠశాలలో చదువుకొనుచున్న దినములలో ఈ నవలలు అద్దె పుస్తకముల అంగడిలో దొరకుచుండెను. రోజునకింత అని అద్దె. అట్టకు అట్ట వేసి, దబ్బనముతో దారము కుట్టి, నూరు చేతులు మారిన పుస్తకములు. ఉదయగిరి త్రోవలోని ఒక పల్లెనుండి మా మేనత్త మా యింటికి వచ్చినప్పుడెల్ల ఆ అంగడికి మమ్ము పంపెడిది. ఆమె ఐదవ తరగతి వరకే చదివినది. కాని చదువుటలో మా ఉపాధ్యాయులకంటె దిట్ట.

ఆమెకు ఒక అలవాటుండెను. పుస్తకము చేత పెట్టగానే మొదటి పుట తెరవదు. "అబ్బయ్యా, ముందు ఆఖరి పేజీ చూసి చెప్పరా. ఆ పిల్ల బతికిందా లేదా?" అని అడిగెడిది.

"అది చెప్తే ఇంకేముంది అత్తా? చదివేదానికి పస ఏముంటది?" అనెడివారము.

"పస ఉంటదిలే, నువ్వు చెప్పు. బతికిందంటే నిమ్మళంగా భయపడతా" అనెడిది.

నిమ్మళముగా భయపడుట! ఆ మాట మాకు ఆనాడు హాస్యముగా తోచినది. ఆమెను ఆటపట్టించినాము. మామకు ఎనిమిదెకరముల చేను. అందు త్రవ్వించిన బోరుబావులు నాలుగు. నాలుగింటను దుమ్మే వచ్చినది. ఐదవది వేయుటకు అప్పు తేవలెనా వద్దా అను మాటకు ఆ ఇంట రెండేండ్లు సమాధానము లేదు. ఆమె కూర్చున్న చోట ఆఖరి పుట చూచి చెప్పగలవాడెవడును లేడు. కాబట్టియే కాబోలు, చూడవీలున్న చోట ముందుగా చూచుకొనెడిది.

ఈ అలవాటు ఆమె ఒక్కతెదియే కాదని చాలకాలమునకు తెలిసినది. 2011లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అను మనస్తత్త్వ పరిశోధకులు కొందరు పాఠకులకు కథల ముగింపు ముందే చెప్పియు, కొందరికి చెప్పకయు చదివించి చూచినారు. చెప్పించుకొన్నవారే ఆ కథలను ఎక్కువగా మెచ్చుకొన్నట్లు తేలినది. తరువాతి పరిశోధనలలో దీనికి విరుద్ధమైన ఫలితములును వచ్చినవి గనుక ఇది తేలిన విషయమని చెప్పరాదు. అయినను ముగింపు తెలిసినంతమాత్రమున ఉత్కంఠ చావదని చెప్పుటకు అది చాలును. విరాటపర్వము విన్న ప్రతి పల్లె ఈ సంగతి ఎప్పుడో ఎరుగును.

దీనికి మరియొక వైపు ఉన్నది. ఒకమారు మేము తెచ్చిన నవలలో కడపటి పదునారు పుటలు, అనగా ఒక ఫారము, ఊడిపోయినది. అంగడివానిని అడుగగా మరియొక ప్రతి లేదన్నాడు. ఆ రాత్రి మా వీథి అరుగుమీద పెద్ద పంచాయతి జరిగినది. హంతకుడు డాక్టరని మా అన్న, కాదు తోటమాలి అని పొరుగింటి అక్క, ఇద్దరును కాదు చచ్చినవాడు చావనేలేదని మేము. ఎవరి ముగింపు వారు గట్టిగా వాదించినారు. అత్త మాత్రము ఏమియు అనక లోనికి పోయి పడుకొన్నది. మరునాడు ఊరికి పోవుచు బస్సెక్కబోయి, "ఆ పుస్తకం దొరికితే కార్డు ముక్క రాయరా. నాకు నిద్ర పట్టలా" అన్నది. అది మాకు దొరకలేదు. కార్డు వ్రాయలేదు. ఆమె మరల రెండుమూడు మార్లు అడిగి, తరువాత అడుగుట మానినది. ఇన్నేండ్ల తరువాత ఆ సంగతి తలచుకొన్నపుడు మనసు చివుక్కుమనును. ఒక ముగింపు కల్పించి వ్రాసినను ఆమె సంతోషించియుండును గదా!

ఆమెవలన మేము గ్రహించినది ఇంతే. ఉత్కంఠ నవల ఇచ్చునది భయము కాదు. భయము లోకమున ఉచితముగా దొరకును. దానికై అద్దె కట్టనక్కరలేదు. నవల ఇచ్చునది ముగింపు గల ఎదురుచూపు. మబ్బు ఎప్పుడు కురియునో చెప్పదు. అప్పు ఎప్పుడు తీరునో చెప్పదు. రోగి మంచము చివర కూర్చున్నవానికి తెల్లవారుట ఎప్పుడో తెలియదు. నవల మాత్రము నూటఎనుబదవ పుటలో చెప్పి తీరును. ఆ మాట తప్పదను నమ్మకముతోనే పాఠకుడు తన గుండెను దాని చేతికిచ్చును. పుటలు ఎంత వేగముగా తిరిగినచో ఆ మాట అంత వేగముగా దగ్గరపడును. వేగమునందలి ఆకర్షణ అదియే. ముగింపులేని ఎదురుచూపులో బ్రతుకువారికి దీనియందు మక్కువ ఎక్కువగుట వింత కాదు.

ఇంతమాత్రమున ఈ కోవలోని ప్రతి నవలయు మంచిదని చెప్పుటలేదు. పాఠకుడు చేసిన నమ్మకమునకు ద్రోహము చేయు నవలలు చాల కలవు. మొదట కట్టిన ముడిని కడపట విప్పలేక, ఎక్కడనుండియో ఒక కవలసోదరుని తెచ్చి నిలిపిన రచయితలను మనమెరుగుదుము. స్త్రీ దేహమును ముక్కలు చేయుటనే ఉత్కంఠ అనుకొన్నవారును కలరు. మంచి నవలకు గుర్తు ఒకటే. ముగింపు తెలిసిన పిదప మరల చదివినను అందలి మనుష్యులు నిలిచియుందురు. కీచకుడు చచ్చునని తెలిసియు సైరంధ్రి రాత్రివేళ వంటయింటికి నడిచి భీముని నిద్రలేపు ఘట్టమును మనము వినుచున్నాము. ఆమె మాటలో ఉన్నది గుట్టు కాదు, గాయము. గుట్టు ఒకమారు విప్పినచో తీరిపోవును, గాయము తీరదు.

కనుక ఇంటి పెద్దలకును, శాఖా గ్రంథాలయములను నడుపువారికిని మా మనవి ఇది. 1914లో బెజవాడన ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినప్పటినుండి మన ఊరూర గ్రంథాలయములు వెలయవలెనని ఎందరో కష్టపడినారు. వారు కోరినది జనులు చదువవలెననియే. డిటెక్టివు నవల పట్టుకొన్న చేయి రేపు తిక్కనను పట్టుకొనదని ఎవరును చెప్పజాలరు. ఆ పుస్తకములను బీరువాలో ఉంచుడు, చిరిగినవానిని కుట్టింపుడు, కడపటి ఫారము ఉన్నదో లేదో ముందుగా చూచుకొనుడు. చదువు పిల్లవానిని మందలించుటకు ముందు, ఆ పుస్తకమును ఒకమారు మీరును చదువుడు. తరువాత వానితో, "చేసినది ఎవడు?" అని కాక, "వాడు ఏల చేసినాడు?" అని అడుగుడు. ఆ ప్రశ్నతో వాడు మొదటి పాయనుండి రెండవ పాయలోనికి వచ్చును.

ఒక యేడు మా అత్తవారి పల్లెలో విరాటపర్వము చదివించినప్పుడు మేము అచ్చటనే ఉన్నాము. ఉత్తర గోగ్రహణము ముగియుసరికి తెల్లవారవచ్చినది. అర్జునుడు జమ్మిచెట్టు నుండి గాండీవము దింపించు చోట, గడువు తీరినదను మాట వచ్చినది. అప్పుడు చీకటిలో ఎవరో పెద్దగా నిట్టూర్చినారు. అందరును ఆ మాట కొరకే కూర్చుండినట్లుండెను. ఆ రాత్రి వాన కురియలేదు. పదునైదు దినములకు గాని కురియలేదు. అప్పటికి కొన్ని చేలలో విత్తనము ఎండిపోయినది. కాని ఆ తెల్లవారుజామున జనము లేచి ఇండ్లకు పోవునపుడు వారి నడకలో అలసట లేదు. మా అత్త గొంగళి దులుపుచు, "ఎన్నిసార్లు విన్నా ఆ కాడ గుండె ఆగుతాది నాయనా" అన్నది. ఆమె వెనుకనే మేము ఇల్లు చేరినాము. తూర్పున మబ్బు లేదు. మామ చేనివైపు చూచుచు గుమ్మములో నిలిచియుండెను.